పండుమిరప రంగు

ఆదివారం పొద్దున చేపల మార్కెట్టులో మార్తమ్మ నా శీలావతికి పొలుసు తీస్తూ తీస్తూ ఆగింది.

"అన్నయ్యగారూ, కత్తుల పెద్దాయన పోయాడంట. మీకు తెలిసే ఉంటదిగా?"

నాకు తెలియదు.

"ఎప్పుడు?"

"బుధవారమంట. పామర్రు నుంచి సరుకు తెచ్చే ఆటో అతను చెప్పాడు. పడుకున్నోడు పొద్దున లేవలేదంట. ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు మహానుభావుడు," అని ఆవిడ మళ్ళీ పనిలో పడింది.

ముక్కలు ఎంత లావు కొట్టాలో ఎప్పుడూ పక్కన నిలబడి నేనే చెబుతాను. ఆ రోజు చెప్పలేదు. ఆవిడ తనకు తోచినట్టు కొట్టి కవర్లో వేసి ఇచ్చింది. ఇంటికి వెళ్ళాక మా ఆవిడ కవరు విప్పి చూసి, "ఇవేం ముక్కలండీ? పులుసుకి తెచ్చారా, వేపుడికి తెచ్చారా?" అని అడిగింది. నేను వెళ్ళి ఫ్యాను కింద కూర్చున్నాను.

ఆయన పేరు నాకు తెలియదు. మూడేళ్ళ పరిచయంలో అడగలేదు. నా ఫోనులో "కత్తులు పామర్రు" అని ఉంది, అంతే. ఆయనకూ నా పేరు తెలుసని అనుకోను. షావుకారుగారూ అనేవాడు. నేను బాబాయిగారూ అనేవాణ్ణి. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి నూనె ఒక్కటే ఉండేది. అది చాలేది కూడా. ఆయన కొట్టిన చివరి కత్తి ఒకటి షాపులో నా బల్ల సొరుగులో ఉంది. దానితో నిమ్మకాయ కూడా కోయలేం. దాని సంగతి తర్వాత.

ఆటోనగర్‌లో మాది నూనెల షాపు. వంటనూనె అనుకునేరు. ఇంజనాయిలు, గేరాయిలు, హైడ్రాలిక్ ఆయిలు, గ్రీజు. లారీ అన్నదానికి ఒంట్లో ఎక్కడ నూనె కావాలో అదంతా మా దగ్గర దొరుకుతుంది. నా నోరు మంచిది కాదని ఆ లైన్లో అందరికీ తెలుసు. కల్తీ అన్నవాణ్ణి, బేరమాడినవాణ్ణి, పీపా మీద కూర్చున్నవాణ్ణి మొహం మీదే దులిపేస్తాను. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి నోరు పెట్టుకుని కూడా చెప్పవలసిన ఒక్క మాట ఆయనకు చెప్పలేకపోయాను కాబట్టి.

మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంది. తెల్ల చొక్కా, తెల్ల పంచె. ఎవరో పల్లెటూరాయన ఆస్పత్రిలో చుట్టానికి అన్నం తీసుకెళుతూ దారి తప్పాడనుకున్నాను. ఆయన తిన్నగా వచ్చి, నా బల్ల మీద పాత పేపరు ఒకటి పరిచి, దాని మీద క్యారేజీ పెట్టి, గిన్నెలు ఒక్కొక్కటీ విడదీశాడు. నాలుగింట్లోనూ నూనె.

"ఇదేంటండీ?" అన్నాను.

"వీళ్ళని మీకు పరిచయం చేద్దామనండి," అన్నాడు. నవ్వలేదు.

మొదటి గిన్నెలోది లారీలోంచి తీసిన నల్లటి ఇంజనాయిలు. "ఇది తాగుబోతండి. ఇయ్యాల ఒక రకం, రేపొక రకం. పొగ సంగతి చెప్పక్కర్లా." రెండోది ఆముదం. "ఈవిడ మరీ నెమ్మదస్తురాలండి. కత్తికి గట్టితనం వచ్చేలోపు ఓ కునుకు తీస్తది." మూడోది పామాయిలు. "ఈడు చలికాలం పొద్దున్నే నిద్ర లేవడండి. గడ్డకట్టుకు కూర్చుంటాడు." నాలుగోది వేరుశనగ నూనె. దాన్ని కొంచెం ప్రేమగా దగ్గరికి జరుపుకున్నాడు. "ఇది మా మంచిదండి. కాకపోతే ఓ నెల తిరిగేసరికి కంపు. కుక్కలొచ్చి తొట్టి నాకిపోతున్నయ్."

మా గుమాస్తా నవ్వు ఆపుకోలేక గోడౌన్‌లోకి వెళ్ళిపోయాడు. నాకూ నవ్వు వచ్చింది గానీ ఆ మనిషి మొహం చూస్తే నవ్వబుద్ధి కాలేదు. ఆయన నిజంగానే ఓ ఇంటి సమస్య చెప్పుకున్నట్టు చెబుతున్నాడు.

నేను నూనె అమ్ముతాను గానీ కత్తి ఎలా తయారవుతుందో అప్పటిదాకా తెలియదు. ఆయనే చెప్పాడు. లారీల కింద అరిగి పారేసిన కమాను పట్టీలు తెచ్చి, కొట్టి, సాగదీసి, కత్తి ఆకారం తెస్తాడు. అప్పటికది వట్టి ఇనుము. దాన్ని కొలిమిలో సరైన ఎరుపు వచ్చేదాకా కాల్చి నూనెలో ముంచితే అప్పుడు కత్తి అవుతుంది. నీళ్ళలో ముంచితే ఒక్కసారిగా చల్లారి పగులుతుంది. మరీ మందకొడి నూనెలో ముంచితే మెత్తగా ఉండిపోయి, వంకాయ కోసినా అంచు వంగుతుంది. కాబట్టి నూనె మరీ తొందరపడకూడదు, మరీ ఆలస్యం చేయకూడదు. ముంచేముందు నూనె కూడా గోరువెచ్చగా ఉండాలి. "బాలింతకి పోసే నీళ్ళంత వేడుండాలండి. చల్లటి నూనె కత్తిని కొరికేస్తది."

"మరి ఇన్నాళ్ళూ దేంట్లో ముంచారు?"

"తొట్టిలో పాత నూనె ఉందండి. వేరుశనగ, ఆముదం, ఏవేవో కలిసినయ్. తగ్గినప్పుడల్లా పోస్తా ఉండేవోణ్ణి. ఇరవయ్యేళ్ళు ఏ తేడా రాలేదు. ఈమధ్యే కత్తులు పగులుతున్నయ్. ముంచగానే టిక్ మంటది. నూనె ముసలిదైపోయిందండి."

చేతిసంచీలోంచి ఓ కత్తి తీసి చూపించాడు. చేపలు కోసే కత్తి. అంచు నుంచి పైకి వెంట్రుక అంత సన్నటి గీత. నేను చూడలేకపోతే గోరుతో తడిమి చూపించాడు. అప్పుడే గమనించి ఉండాల్సింది. ఆయన ఆ గీతను చూడలేదు, తడిమాడు.

ఆ రోజు మా షాపులోని నూనెలన్నీ పరీక్షించాడు. ఆయన పరీక్ష వేరు. రెండు చుక్కలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసుకుని చెవి దగ్గర పెట్టుకుని రుద్దేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఏమంటుందండీ?" అన్నాను వెటకారంగా.

"ఇది అబద్ధాలకోరండి," అన్నాడు హైడ్రాలిక్ ఆయిలు గురించి. ఆ పీపా మా డీలరు నాకు అంటగట్టినది. ఆ సంగతి ఆయనకు తెలిసే దారి లేదు. ఆ తర్వాత వెటకారం మానేశాను.

ఫ్యాక్టరీల్లో ఇనుము గట్టిపరచడానికే వాడే క్వెంచింగ్ ఆయిలు నా దగ్గర ఒక పీపా ఉంది. అందులోంచి ఓ డబ్బా ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విని, "ఇది చదువుకున్నదండి," అని తీసుకెళ్ళాడు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం వేసింది ఏమిటంటే, అన్ని పీపాల మధ్య తిరిగి, అన్ని నూనెల్లో వేళ్ళు పెట్టి, చొక్కా మీద ఒక్క మరక లేకుండా వెళ్ళిపోయాడు. మా షాపులోకి వచ్చి మాసిపోకుండా బయటపడినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

రెండు నెలలకి మళ్ళీ వచ్చాడు. చదువుకున్న నూనెలో కూడా కత్తులు పగులుతున్నాయట. "తొందరపాటు మనిషండి ఇది. ఇంకొంచెం నిదానస్తుణ్ణి ఇప్పించండి." ఇంకో రకం ఇచ్చాను. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఇచ్చాను. ప్రతిసారీ పాత పేపరు పరవడం, క్యారేజీ విప్పడం, ఒక్కో గిన్నెలో వాడి చూసిన నూనె మీద తీర్పు చెప్పడం. మా గుమాస్తాతో సహా అందరం ఆయన రాక కోసం ఎదురుచూసేవాళ్ళం. సినిమాకి పోనక్కర్లేదు అనుకునేవాళ్ళం. చొక్కా ఎడమ చేతికి మాత్రం మరకలు మొదలయ్యాయి. గుమ్మం పక్కనున్న పీపాని ప్రతిసారీ ఎడమ భుజంతో ఒరుసుకుంటూ వచ్చేవాడు. పెద్దవాడవుతున్నాడు, తూలుతున్నాడు అనుకున్నాం.

అలా ఐదారు నెలలయ్యాక ఓసారి రెండు ముక్కలుగా విరిగిన కత్తి ఒకటి నా బల్ల మీద మరిచిపోయి వెళ్ళాడు. మా వెనక వీధిలో గేరు పళ్ళకు హీట్ ట్రీట్‌మెంటు చేసే ఒకాయన ఉన్నాడు. టీకి వచ్చినప్పుడు ఆ ముక్క ఆయనకు చూపించాను. విరిగిన చోట వేలు పెట్టి చూపించాడు.

"చూడండి, ఉప్పుగల్లులాగా ఎట్లా మెరుస్తుందో. సన్నగా, బూడిదలాగా ఉండాలి. నూనె తప్పు కాదండీ ఇది. అతిగా కాలుస్తున్నాడు. రంగు దాటిపోయాక ముంచుతున్నాడు. ఎన్నేళ్ళుంటాయి ఆయనకి?"

"డెబ్బై దాటుంటాయి."

"కళ్ళు చూపించుకోమనండి. ఎరుపు ఆయనకి మసగ్గా కనపడుతుందేమో. ఇంకా కాలలేదనుకుని ఇంకా కాలుస్తుంటాడు."

అంతే. విషయం ఒక్క ముక్కలో తేలిపోయింది. నూనె కాదు, కళ్ళు. ఈ మాట చెప్పడానికి ఎంతసేపు? ఫోను చేసి చెప్పొచ్చు. ఫోనులో బాగుండదని, ఆ వారం గుడివాడలో ఎలాగూ పెళ్ళి ఉంది కదా అని, దారిలో పామర్రులో దిగి ఎదురుగా చెబుదామనుకున్నాను. కారులో పోతూ మాటలు కూడా కూర్చుకున్నాను. 'బాబాయిగారూ, వయసన్నాక ఎవరికైనా...' అని మొదలుపెట్టాలని.

కాలవ గట్టు మీద రేకుల షెడ్డు ఆయనది. పట్టపగలే లోపల చీకటి. చుట్టూ గోనెపట్టాలు కట్టుకున్నాడు. ఎండలో ఇనుము రంగు సరిగా తెలియదట, చీకట్లోనే దాని అసలు రంగు బయటపడుతుందట. నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడంటే, కుర్చీని పంచెతో తుడిచి, పరిగెత్తుకుంటూ వెళ్ళి సోడా తెచ్చాడు. "మా షావుకారుగారండి, నూనెల్లో ఆయన చూడనిది లేదు," అని సోడా కొట్టు ఆయనకు కేక వేసి మరీ చెప్పాడు.

"కూర్చోండి. మీ ముందు ఒకటి ముంచుతా. మీరే చూడండి నూనె సంగతి."

కత్తిని కొలిమిలో పెట్టి ఒక చేత్తో గాలి కొట్టే బ్లోయరు చక్రం తిప్పుతున్నాడు. పాఠం కూడా చెబుతున్నాడు. "ముందు చింతపండు రంగొస్తదండి. తర్వాత ఎండుమిరపకాయ. ఆ తర్వాత పండుమిరపకాయ. సరిగ్గా పండుమిరప రంగు. అక్కడే ముంచాల. అది దాటి నారింజకి పోయిందా, ఇంక ఆ కత్తికి ఆయుష్షు లేదండి."

నేను చూస్తూ ఉన్నాను. చింతపండు రంగు వచ్చింది. ఎండుమిరప వచ్చింది. పండుమిరప వచ్చింది. నాలాంటి వాడికి కూడా తెలుస్తోంది, గుడ్డివాడు తప్ప ఎవరైనా చెబుతారు. ఆయన చక్రం తిప్పుతూనే ఉన్నాడు. మెడ ముందుకు సాచి, కుడి కన్ను కొంచెం చికిలించి, "ఇంకా రాలేదు," అన్నాడు. నారింజ రంగు వచ్చింది. ఇంకొంచెం సేపటికి గుడ్డు సొన రంగు.

"ఆఁ, ఇదిగో. ఇప్పుడొచ్చింది చూడండి పండుమిరప," అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఆయన మొహంలో ఆ వెలుతురు పడి, ఎంతో తృప్తిగా నవ్వుతున్నాడు. తెరిచిన నోట్లో సోడా పోసుకున్నాను.

కత్తిని నిటారుగా నూనెలోకి దించాడు. బుస్సుమంది. పొగ లేచింది. తర్వాత ఆ చీకట్లో మా ఇద్దరికీ వినిపించింది, టిక్.

ఆయన పట్టకారు వదలకుండా తొట్టి వైపు వంగాడు.

"నూనెండి," అన్నాడు నెమ్మదిగా.

"అవునండీ," అన్నాను. "నూనే."

పెళ్ళిభోజనం నాకు సహించలేదు. నామీద నాకే కోపంగా ఉండి, వడ్డించేవాణ్ణి ఊరికే కసురుకున్నాను.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా అన్యాయం. ఆయన నూనె అడిగినప్పుడల్లా లేదనలేక, ఉన్న నిజం చెప్పలేక, ఒకే పీపాలోని నూనెను ఒకసారి నీలం డబ్బాలో, ఒకసారి తెల్ల డబ్బాలో, ఒకసారి పసుపు డబ్బాలో పోసి ఇచ్చాను. బెంగుళూరు నుంచి వచ్చింది అన్నాను. జర్మనీ రకం అన్నాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని రుద్ది విని, "ఇది పోయినసారి దానికంటే నయమండి," అనేవాడు. పోనీలే, ముసలాయన సంతోషపడ్డాడు కదా అని నేనూ సంతోషపడేవాణ్ణి. అంత పుణ్యం ఎవరు చేస్తారు అన్నట్టు ఉండేది నా వాలకం.

నేనొక్కణ్ణే కాదు. మార్తమ్మ కూడా అంతే. ఆవిడ పాతికేళ్ళుగా ఆయన కత్తులతోనే చేపలు కోస్తోంది. ఓ ఆదివారం చూస్తే చేతిలో బజారులో దొరికే ఫ్యాక్టరీ కత్తి ఉంది. పక్కన చెక్క మీద ఆయన కత్తి ఊరికే పెట్టి ఉంది, అంచంతా పళ్ళు ఊడిపోయి.

"అదెందుకు మరి అక్కడ?" అన్నాను.

"పెద్దాయన ఇటుపక్క వచ్చినప్పుడు చూసుకుంటాడండీ. ఎట్టా ఉంది మార్తమ్మా కత్తి అంటాడు. బెమ్మాండంగా ఉంది తాతా అంటాను."

"చెప్పొచ్చుగా, విరిగిపోతున్నాయని?"

"మీరు చెప్పకపోయారా?" అంది ఆవిడ.

నేను మాట మార్చి రొయ్యల గురించి అడిగాను. మొహమాటం అంటే ఏదో మంచి గుణమనుకుంటాం మనం, మర్యాదస్తుల లక్షణమనుకుంటాం. ఒక మనిషి కళ్ళు మన ముందే ఆరిపోతుంటే, అందరం వరసగా నిలబడి అండీ, గారూ అంటూ చూస్తూ ఉన్నాం.

ఆయన మొదటిసారి మా షాపుకు వచ్చి రెండేళ్ళయ్యాక, ఓ రోజు గుమ్మంలో ఎడమవైపు ఉన్న డబ్బా తట్టుకుని బోర్లా పడ్డాడు. క్యారేజీ గిన్నెలు నాలుగూ నాలుగు వైపులకు దొర్లాయి. తెల్ల బట్టలన్నీ నూనె. డబ్బా అడ్డంగా పెట్టావెందుకని గుమాస్తా మీద అరిచాను. వాడు, "అది రోజూ అక్కడే ఉంటుందిగదండీ," అన్నాడు. నిజమే.

ఆయన్ని లేపి, నా టవలుతో చేతులు తుడిచి, "పదండి బాబాయిగారూ," అన్నాను. కారెక్కించుకుని బెంజ్ సర్కిల్ దగ్గరి కళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఎక్కడికని అడగలేదు. కళ్ళ ఆస్పత్రి గుమ్మం ఎక్కుతున్నప్పుడు కూడా ఇక్కడికెందుకని అడగలేదు. అదొక్కటే నాకు వింతగా అనిపించింది.

డాక్టరమ్మ చిన్నావిడ. పరీక్షలన్నీ చేసి నిదానంగా చెప్పింది. నీటికాసులట. నొప్పి ఉండదు, ఏమీ తెలియదు, పక్కల నుంచి చూపు కొంచెం కొంచెంగా తినేస్తుందట. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంట్లో మిగిలిన కాస్తా చుక్కల మందుతో కాపాడుకోవాలి.

"పోయింది తిరిగి రాదండీ. ఓ రెండేళ్ళ ముందు వచ్చుంటే చాలా వరకు ఆపగలిగేవాళ్ళం," అంది.

రెండేళ్ళు.

బయటికొచ్చి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. బెంజ్ సర్కిల్ కదా, ఒకటే హారన్లు. ఆయన నూనె మరకల చొక్కాతోనే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగాడు. సగం తాగాక అన్నాడు.

"షావుకారుగారూ, నీలం డబ్బా, తెల్ల డబ్బా, పసుపు డబ్బా. మూడూ ఒకటే నూనె గదండి."

నేను గ్లాసు కింద పెట్టేశాను.

"మీకు తెలుసా?"

"చెవి దగ్గర పెట్టుకుంటే తెలీదా అండి?"

"మరి నయం అన్నారేంటి?"

"మీరంత శ్రమపడి డబ్బాలు మారుస్తా ఉంటే, బాగోలేదని ఎట్టా అంటానండి?"

"మరి ఎందుకు వచ్చేవారు బాబాయిగారూ, ఒకటే నూనె అని తెలిశాక?"

ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడనుకున్నాను గానీ దేన్నీ చూడటం లేదు.

"ఒకే నూనె ఇస్తన్నారంటే, తప్పు నూనెది కాదని ఈయనకి తెలిసిపోయింది అనుకున్నానండి. తెలిసినాయన ఏదో రోజు నోరు విప్పి చెబుతాడులే అని వచ్చేవోణ్ణి. వచ్చినప్పుడల్లా, ఇయ్యాల చెబుతాడు అనుకునేవోణ్ణి."

"మీకే అనుమానం ఉన్నప్పుడు..."

"అనుమానం వేరు, ఒకళ్ళు చెప్పటం వేరండి. నాకు నేను అనుకుంటే అది భయమే. భయాన్ని ఎన్నాళ్ళయినా దాచిపెట్టుకోవచ్చు. మీబోటోళ్ళు మొహం మీద అంటే తప్పదుగా, లేచి ఆస్పత్రికి పోయేవోణ్ణి."

కోపంగా అనలేదు. మంచి నూనె, చెడ్డ నూనె గురించి చెప్పే అదే గొంతుతో అన్నాడు. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నా జీవితంలో ఎన్నడూ పడలేదు. క్షమించమని అడుగుదామంటే ఆ మాటకు ఆయన మళ్ళీ మర్యాదగా ఏదో ఒకటి అంటాడు, అది ఇంకా భరించలేను. పామర్రు బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చుక్కల మందు సీసా జేబులో పెట్టి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో నాలుగుసార్లు చెప్పాను. అనవసరమైనవి నాలుగుసార్లు చెప్పడం నాకు బాగా వచ్చు.

కొలిమి ఆర్పేశాడని తర్వాత తెలిసింది. నేను అప్పుడప్పుడు ఫోను చేసేవాణ్ణి. చుక్కలు వేసుకుంటున్నానండి అనేవాడు. ఇంకేమీ ఉండేది కాదు.

ఐదారు నెలలకు ఓసారి తనే చేశాడు.

"ఒక కత్తి కొట్టి పెట్టానండి. సుత్తి పనికి కళ్ళు అంత అక్కర్లా, చెయ్యి చూసుకుంటది. ముంచటమే మిగిలింది. మార్తమ్మకి ఒక మంచి కత్తి ఇస్తానని మాటిచ్చాను. ఆవిడ చేతిలో బజారు కత్తి ఉందని నాకు తెలుసండి, చప్పుడు వేరుగా ఉంటది. మీరు ఒక్కసారి రాగలరా? రంగు మీరు చెప్పండి. ముంచటం నేను చూసుకుంటాను."

షాపు గుమాస్తాకి వదిలేసి మర్నాడే వెళ్ళాను.

షెడ్డు శుభ్రంగా ఊడ్చి ఉంది. తొట్టిలో నూనె తేటగా ఉంది, నేనిచ్చిందే. ముందే ఎర్రగా కాల్చిన ఓ ఇనప ముక్క అందులో వేసి వెచ్చబెట్టాడు. వేలు ముంచి, "బాలింత నీళ్ళు," అని నాకు చూపించాడు. నేను కూర్చునే చోట గోడకి ఓ పండుమిరపకాయ మేకుకి గుచ్చి పెట్టాడు.

"అది చూసి చెప్పాలని కాదండి. మీకు ధైర్యంగా ఉంటదని," అన్నాడు.

గోనెపట్టాలు దించాడు. చీకటైంది. కొలిమి రాజేసి, కత్తిని పట్టకారుతో లోపల పెట్టి, చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. ఈసారి ఆయన కొలిమి వైపు చూడలేదు. తల నా వైపు తిప్పి, చెవి కొంచెం ముందుకు పెట్టి, నూనెను విన్నట్టు నన్ను వింటున్నాడు.

"చింతపండు," అన్నాను.

"ఊఁ."

"ఎండుమిరప."

"ఊఁ. ఇంక తొందరగా వస్తదండి. కాచుకోండి."

నేను కన్నార్పకుండా చూస్తున్నాను. ఎరుపు ఎక్కుతోంది. ఇదేనా? ఇదే అనుకుంటాను. గోడ మీది మిరపకాయను చూశాను, చీకట్లో అది నల్లగా ఉంది. మళ్ళీ కత్తిని చూశాను. ఇదే అయి ఉండాలి. ఒకవేళ కాకపోతే? తొందరపడి చెబితే కత్తి మెత్తగా ఉండిపోతుంది, నా మాట నమ్మి ముంచేస్తాడు. ఇంకొక్క క్షణం చూద్దాం. నాలుక చివర మాట ఉంది. చెబుదాం, చెబుదాం అనుకుంటున్నాను. ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆ మొహంలో ఆ ఎదురుచూపు నేను అంతకుముందు రెండేళ్ళూ మా షాపులో, బల్లకి అటుపక్క చూశాను. అప్పుడు అదేమిటో తెలియలేదు.

"ఇప్పుడు!" అన్నాను.

అనేసరికే నారింజ అంచు తగిలింది. నేను చూశాను. నాకు తెలుసు.

ఆయన ఒక్క క్షణం వృథా చేయలేదు. కత్తిని తీసి, వణకకుండా, పక్కకి వాలకుండా, నిటారుగా నూనెలోకి దించాడు. ఆ దించడం చూస్తే ఆ చేతికి కళ్ళతో పనే లేదనిపించింది. బుస్సుమంది. పొగ మొహం మీదికి వచ్చింది.

టిక్.

ఆయన కదల్లేదు. నూనె చల్లబడేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కత్తిని బయటికి తీసి, గుడ్డతో తుడిచి, అంచు వెంట గోరు పెట్టి నెమ్మదిగా నడిపాడు. ఒక చోట గోరు ఆగింది.

"బాబాయిగారూ," అన్నాను. "నేను..."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కత్తిని పాత పేపరులో జాగ్రత్తగా చుట్టి, తడుముకుంటూ వచ్చి నా చేతిలో పెట్టాడు. నా చేయి వదల్లేదు.

"నూనెండి షావుకారుగారూ," అన్నాడు. "నూనె బాగోలేదు."

నేను, "అవునండీ," అన్నాను.